మొదటిసారికే ఫైన్

గల్ఫ్‌లోని రూవి ఊళ్ళో శుక్రవారం తెలుగు బడి సగం ఖాళీగా ఉంటోంది. బట్టల కొట్టు పైన అద్దెకు తీసుకున్న ఒక్క హాలు అది. టీచరు రాజేశ్వరి ఒక్కతే. పిల్లలేమో సెలవు కదా అని పెద్దవాళ్ళతో సముద్రం ఒడ్డున తిరుగుతున్నారు.

"ఇక నుంచి పిల్లలు మానేస్తే తల్లిదండ్రులకే ఫైన్," అంది రాజేశ్వరి, పిల్లల పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టి.

"గంతేనా మేడమ్?" నవ్వాడు రఘుపతి. "ఒక రియాల్ మీ చేతుల పెట్టి మంచిగ సూర్ బీచ్‌కు పోతం. ఇగ మీరు అడిగేదేముంటది?"

నిజమే అనిపించింది అందరికీ. చాలాసేపు వాదించుకుని, డబ్బుతో పని లేని ఫైన్ ఒకటి తేల్చారు. పిల్లలు మానేస్తే తర్వాతి శుక్రవారం తల్లో తండ్రో వచ్చి, మిగతా పిల్లల మధ్య చాప మీద కూర్చుని క్లాసంతా రాయాలి.

ఎన్నోసారికి వేయాలన్నదే మిగిలింది.

"మూడుసార్లు మాఫ్ చెయ్యాలె," అన్నాడు రఘుపతి.

"మాఫీ ఎందుకన్నా?" అంది వెనక నుంచి జైనబ్. కడప మనిషి. భర్త ఇస్రార్‌కు కింది వీధిలో దర్జీ కొట్టు ఉంది. మీటింగుల్లో ఆమె నోరు విప్పడం అదే మొదలు. "తొలిసారికే వెయ్యండి. అప్పుడే భయముంటాది."

ఆమె కూతురు నఫీసా ఏనాడూ క్లాసు మానలేదు. ఆమెకేం, ఎన్నయినా చెబుతుందని గొణుక్కుంటూనే అందరూ ఒప్పుకున్నారు.

మొదట దొరికింది రఘుపతే. చాప మీద మోకాళ్ళు ముడవలేక నానా తంటాలు పడ్డాడు. 'జ్ఞానం' అని రాయమని బోర్డు దగ్గరికి పిలిస్తే ఒత్తు మరిచి 'జానం' అని రాశాడు.

"డాడీ, నీ పరువు పోయింది!" అని అరిచాడు కొడుకు. హాలంతా ఒకటే నవ్వు. పాపం అనిపించి, ఆపైన పెద్దవాళ్ళను రాజేశ్వరి బోర్డు దగ్గరికి పిలవలేదు.

ఆ కబురు రూవి అంతా పాకింది. మరుసటి వారానికి హాలు నిండిపోయింది. చోటు కోసం కొత్తవాళ్ళు అడగడం మొదలుపెట్టారు.

నఫీసా మాత్రం రావడం మానేసింది.

మొదట జ్వరమన్నారు. తర్వాత కడుపునొప్పి. ఆపైన పంటిపోటు. ప్రతి శుక్రవారం జైనబే వచ్చి గోడవారన కూర్చునేది. వంచిన తల ఎత్తకుండా బోర్డు మీదున్నది రాసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేది.

"రూల్ పెట్టించిందే ఆమె. ఇప్పుడు సూడుండ్రి," అన్నాడు రఘుపతి. "ఆమెకు ఫైన్ లెక్కనే లేదు మేడమ్. ఆ పిల్ల పేరు తీసేయుండ్రి. ఇంకొకలన్న వస్తరు."

మిగతావాళ్ళూ అదే మాటన్నారు. ఒక్క వారం ఆగమంది రాజేశ్వరి. ముందు వరసలో కూర్చుని, అడగకముందే చెయ్యెత్తే పిల్ల నఫీసా. అలాంటి పిల్లను ఇంట్లో పనికి పెట్టారా? చదువు మాన్పిస్తున్నారా? మనసు ఊరుకోక, క్లాసు కాగానే కమలాపళ్ళు కొనుక్కుని వాళ్ళ బిల్డింగుకు వెళ్ళింది.

మెట్ల దగ్గర నఫీసా తాడాట ఆడుతోంది.

"నీకు పంటినొప్పి కదే?"

నఫీసా నాలుక కరుచుకుని తాడు వెనక్కి దాచుకుంది.

"వచ్చే శుక్రవారం కూడా రాకపోతే నీ పేరు తీసేస్తారు. తెలుసా?"

నఫీసా కళ్ళు పెద్దవయ్యాయి. ఒకసారి తమ తలుపు వైపు చూసి, టీచరు కొంగు పట్టుకుని కిందికి లాగింది. చెవిలో గబగబా చెప్పింది.

"తీసేయొద్దు టీచర్, అమ్మీ ఎప్పుడూ బడికి పోలేదు కదా, ఒత్తులన్నీ నేర్చుకున్నాకనే నాకు నయమవుతాదంట!"