గోడవతల సొరపాదు

"మళ్లీ పూసింది, పాడు తీగ" అని గొణుక్కుంది ఓబులమ్మ, తడి జుట్టు తుడుచుకుంటూ గోడ మీదుగా తొంగిచూసి.

గోడవతల తోడికోడలు సుంకులమ్మ పెరడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి అది. కోడుమూరు చుట్టుపక్కల మేకలు కూడా పచ్చని ఆకును మరిచిపోయాయి. అట్లాంటిది, సుంకులమ్మ మట్టిమిద్దె మీద సొరతీగ గుబురుగా అల్లుకుని కాయలు వేలాడేస్తోంది. ఆ నీడకు కింద ఇల్లు చల్లగా ఉంటుందని వీధిలోని ఆడవాళ్లు మధ్యాహ్నం అక్కడే చేరి కునుకు తీస్తున్నారు. తీగతోపాటు అరటి, నిమ్మ, కరివేపాకు. ఓబులమ్మ పెరట్లోనేమో మొగుడు తిమ్మయ్య ముచ్చటపడి పరిపించిన నాపరాళ్లు పెనంలా కాలుతున్నాయి.

అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు లేచిన గోడ అది. స్నానాలు చేసి, అంట్లు తోముకునే జాలాడి పెద్దకోడలు ఓబులమ్మ వాటాకు వచ్చింది. నీళ్లు నిలవని శుభ్రమైన జాలాడి. వెనకనున్న వట్టి మట్టినేల చిన్నకోడలి వాటాకు పోయింది. గెలుపు తనదేనని ఓబులమ్మ అప్పట్లో సంబరపడింది. ఆనాటి నుంచి అవతలి పెరట్లో కాలు పెట్టలేదు.

ఇప్పుడామె బుర్రను తొలుస్తున్నది ఒకటే. ఆ చెట్లకు నీళ్లు ఎక్కడివి? వీధికంతా ఒకటే బావి. అడుగు కనిపిస్తోందని పెద్దమనిషి దేవేంద్రప్ప ఒక్కో ఇంటికి ఇన్ని కడవలని వంతు పెట్టాడు. వంతు మీరి తోడుకున్న ఇంటికి వానలు పడేదాకా బావి బంద్. ఇక హంద్రీ నది దాకా నడిచి ఇసుకలో చెలమ తవ్వుకోవలసిందే.

ఓబులమ్మ కాపు కాసి మరీ చూసింది. సుంకులమ్మ తెచ్చుకునేది వంతు కడవలే. నీళ్లబండి రావడం లేదు. పెరట్లో కొత్తగా బావీ తవ్వలేదు. ఉండబట్టలేక అడిగితే నవ్వి, "అంతా నీ పుణ్యమేలే అక్కా" అంటుంది. పైగా కాపుకొచ్చినప్పుడల్లా ఒక లేతకాయ గోడ మీద పెట్టి పోతుంది. ఎగతాళి కాకపోతే ఏమిటది? ఓబులమ్మకు ఒళ్లు మండేది. మండుతూనే ఆ కాయను పెసరపప్పు వేసి వండేది.

తన ఇంట్లో నీళ్లకు కరువేమీ లేదు. చూడిబర్రె ఉందని చెప్పి దేవేంద్రప్పతో అదనపు కడవలు ఒప్పించుకుంది. మేత దొరక్క ఆ బర్రెను పుట్టింటికి తోలేసి చాన్నాళ్లయింది. కడవలు మాత్రం మానలేదు. మూగజీవి పేరుతో వచ్చిన నీళ్లను వద్దంటే పాపమని ఆమె సర్దిచెప్పుకుంది.

ఆ పొద్దు పూసిన సొరపూలను చూశాక ఇక ఆగలేకపోయింది. తలకు కొంగు నిండుగా కప్పుకుని నేరుగా దేవేంద్రప్ప అరుగు దగ్గరికి పోయింది.

"మామా, ఒకసారి వచ్చి ఆ పెరడు సూడు. ఉగాది పోయినంక మా ఇంట్లో ఎవురమూ తలకు పోసుకోలేదు. వంతునీళ్లు తాగేదానికే సాలడం లేదు. దానికి మాత్రం అరటిచెట్లకు పోసే నీళ్లు యాడ్నించి వస్తాండాయి?"

కళ్లారా చూడనిదే ఎవరి వంతూ ఆపనని దేవేంద్రప్ప ముందే చెప్పి, ఆమె వెంట వచ్చాడు.

సుంకులమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. సంగతి విని లేచి, దారి ఇచ్చింది. దేవేంద్రప్ప సొరపాదు దగ్గర గొంతుక్కూర్చుని, పరిచిన ఎండుటాకులు తోసి మట్టిలో వేళ్లు పెట్టాడు. చల్లగా, చెమ్మగా ఉంది. చెమ్మ వెంబడి పోతే ఒక సన్నని కాలువ బయటపడింది. అడుగున ఇసుక, పైన ఎండ తగలకుండా విరిగిన నాపరాతి పలకలు కప్పి ఉన్నాయి. ఒక్కో పలక ఎత్తుతుంటే ఓబులమ్మ కోపం సంగతి కూడా మరిచిపోయి మెడ సాచి చూసింది. కాలువ అరటి దాటి, నిమ్మచెట్టు చుట్టూ తిరిగి, గోడ మూలకు పోయింది.

ఆఖరి పలక మీద సుంకులమ్మ నిలబడింది.

"ఇది ఎత్తొద్దులే మామా."

"ఎందుకమ్మా?"

"తప్పు నాదే అనుకో. నా వంతు ఆపెయ్. నేను హంద్రీకి పోయి తెచ్చుకుంటా."

ఓబులమ్మ సంబరంగా ముందుకొచ్చింది. ఇన్నాళ్లకు దొంగ దొరికింది. "ఇంకేం కావల్ల మామా, దాని నోటితోనే ఒప్పుకునె" అంది.

దేవేంద్రప్ప వినలేదు. సుంకులమ్మను పక్కకు జరగమని చెప్పి, తనే వంగి పలక లేపాడు.

కింద, గోడ అడుగు నుంచి వచ్చే పాతకాలపు తూము. దాని నోటికి అడ్డంగా పెట్టిన గడ్డి మీద నీళ్లు ఇంకా చుక్కచుక్కగా పడుతున్నాయి. గడ్డిలో ఏదో చిక్కుకుని ఉంటే వేళ్లతో తీసి, నలిపి, వాసన చూశాడు.

"సీకాయ పిప్పి. ఇంకా ఆరనుగూడా ఆరలేదు. ఇప్పుడే ఎవురో తలకు పోసుకున్యారు." తలెత్తి గోడకేసి చూశాడు. "దీనికి ఆవల ఏముండాదమ్మా?"

సుంకులమ్మ తలవంచుకుంది.

ఆవల ఉన్నది ఓబులమ్మ జాలాడి.