వియ్యంకుడి వీలునామా

అరవై మూడులో మాట. మా వియ్యంకుడి పన్నెండో రోజు భోజనాలయ్యాక, ఖరిదా పేటలో వాళ్లింట్లో పెద్దకొడుకు సుబ్బరాయుడు వీలునామా చదివినాడు. అక్కడి కోర్టు భాష బెంగాలీలో రాయించిన కాయితం, తెలుగు చేసి చెప్పినాడు. ఇల్లు సగం తనకి, సగం పోయిన తమ్ముడి భార్యకి, అంటే మా అమ్మాయి అనసూయకి.

అనసూయ చెయ్యి చాపింది. "బావగారూ, ఆ కాయితం ఒక్కసారి చూస్తాను."

"చదివినాను కదమ్మా, ఇంకా ఏటి?"

"చూసే హక్కు నాకూ ఉంది."

"ఊరుకో తల్లీ, గొడవలొద్దు" అన్నాను. వినలేదు, కాయితం అందుకుంది. తాల్‌బగీచా బడిలో బెంగాలీ పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. గడగడా చదువుకుపోయి, చివర ఆగిపోయింది. తర్వాత తెలుగులో చెప్పింది.

"'నా చిన్నకోడలికి మళ్లీ పెళ్లి చెయ్యండి. వాళ్ల నాన్న ఒకసారి కాదన్నారు. ఆయన్ని మళ్లీ అడగండి.'"

సుబ్బరాయుడు తల దించుకున్నాడు. "నలుగురిలో మీకు నామోషీ అని ఆ ముక్క దాటేసినాను, మావయ్యా."

అప్పుడు లోకానికి జడిసి కాదనేసి, మళ్లీ ఎవరైనా అడుగుతారా అని రెండేళ్లుగా లోలోపల కుమిలిపోతున్న ముసలాణ్ణి, ఏడుస్తూనే నవ్వేసినాను.

"నామోషీ ఏటి నాయనా! గట్టిగా చదువమ్మా, వీధంతా విననీ!"