మూడో బొమ్మ

"ఇరవై రెండేళ్ల కిందటే రావాల్సింది, మేస్త్రీ గారూ," అన్నారు ప్రొఫెసర్, కూర్చోకుండానే.

మేస్త్రీ లేత్ మిషన్ ఆపాడు. చేతులు తుడుచుకుంటూ ఎగాదిగా చూసి, గుర్తుపట్టాడు. మొహంలో రంగు మారింది. కోపం అనుకున్నారావిడ. కోపం రాక ఏమవుతుంది?

లోపలి నుంచి అతని తమ్ముడు స్టూలు తెచ్చి వేశాడు. ఆ తమ్ముడికి కుడికాలు తొడ దాకా లేదు. ఉన్నది కృత్రిమ కాలు. అయినా ఇనుప రజను పడి ఉన్న నేల మీద చకచకా నడిచొచ్చాడు. ఆ కాలికి మోకాలి దగ్గర ఒక కీలు ఉంది. నిలబడితే బిగుసుకుంటుంది, అడుగేస్తే వదులవుతుంది. ఆవిడ చూపు దాని మీదే ఆగిపోయింది.

ప్రొఫెసర్ గారిని విద్యార్థులు చాటుగా పేటెంటమ్మ అంటారు. చెప్పేది అంతర్జాతీయ వ్యాపారం, ప్రాణమంతా పేటెంట్ల మీద. ఎవరి బుర్రలో పుట్టింది ఎవరి జేబులోకి పోతోందో ఇరవై దేశాలు తిరిగి చెప్పి వచ్చారు. మొదటి క్లాసులో మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"కొత్తగా ఏదైనా కనిపెడితే ముందు నోరు మూసుకోండి. దరఖాస్తు పెట్టకముందే అచ్చయిందా, ఇక దానికి పేటెంటు రాదు. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు."

అంత చెప్పే మనిషి చేసిన నిర్వాకం ఇది.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఏదో పత్రికలో పేటెంట్ల మీద ఆవిడ ఇంటర్వ్యూ చదివి మేస్త్రీయే కబురుపెట్టాడు. మూడు ఆదివారాలు ఈ షెడ్డులో కూర్చోబెట్టి కీలు సంగతంతా చెప్పాడు. కొలతలతో సహా బొమ్మలిచ్చాడు. "మా వాడు మాటిమాటికీ పడిపోతుంటే చూడలేకపోయాను మేడమ్," అన్నాడు. పెద్ద పెద్ద కంపెనీలు చేయలేనిది రేకుల షెడ్డులో ఒక మేస్త్రీ చేసి చూపించాడు! ఆవిడ ఎగిరి గంతేసినంత పనిచేశారు. వ్యాసం రాసి పంపారు. మేస్త్రీ రెండుసార్లు ఫోన్ చేసి ఎప్పుడు అచ్చవుతుందని అడిగాడు కూడా. అచ్చులో చూసుకోవాలని ఎవరికుండదు పాపం, అని నవ్వుకున్నారు.

అచ్చుకు ముందు సరిచూడమని కాగితాలు వచ్చాయి. మూడో బొమ్మ దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. కీలు లోపలి కిటుకంతా అందులో ఉంది. ఇది బయటికి వస్తే మేస్త్రీకి పేటెంటు రాదు. బొమ్మ తీసేస్తే వ్యాసం తేలిపోతుంది. ప్రమోషన్ కమిటీ ఇంకో నెలలో కూర్చోబోతోంది.

సరేనని సంతకం పెట్టి పంపేశారు.

మేస్త్రీ కోరినట్టే అతని పేరు మాత్రం వేయలేదు. ఆ ఒక్క వ్యాసంతో ఆవిడ దశ తిరిగింది. రెండు నెలలకే ఒక పెద్ద కంపెనీ లాయరు ఫోన్ చేసి, "ఆ బొమ్మ మీకెవరిచ్చారు?" అని గద్దించాడు. చెప్పలేదావిడ. గద్దలు అప్పుడే వాలాయనుకున్నారు. అనుకున్నట్టే ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ అదే కీలు బజారులో పెట్టింది. తర్వాత ఊరూరా షెడ్డుల్లో కూడా చవగ్గా చేయడం మొదలుపెట్టారు. మేస్త్రీకి రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. చప్పట్లు మోగిన ప్రతి సభలోనూ ఆవిడకు ఈ రేకుల షెడ్డే గుర్తొచ్చేది, లోపల సిగ్గుతో చచ్చిపోయేవారు.

"మీ పేటెంటు చేతులారా పోగొట్టాను," అన్నారిప్పుడు. "తెలియక చేశానని అబద్ధం చెప్పలేను. ప్రమోషన్ కోసం, తెలిసే చేశాను."

మేస్త్రీ తల దించుకున్నాడు. "అయిపోయిందేదో అయిపోయింది. టీ తాగుతారా మేడమ్?"

"రేపు నా రిటైర్మెంట్ సభ. ఆ కంపెనీ వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ల మొహం మీదే చెప్తాను, ఇది కనిపెట్టింది మీరని. మీ పేరు, ఈ అడ్రసు, మీరిచ్చిన బొమ్మలు, అన్నీ తెర మీద చూపిస్తాను."

"నా పేరెందుకు మేడమ్? వద్దు. మీకు దణ్ణం పెడతాను."

"ఇంకా ఎంతకాలం దాక్కుంటారు? మీరలా అంటుంటే నాకు మరీ తల కొట్టేసినట్టుంది. రేపు స్టేజీ మీదికి మీరే రావాలి. కారు పంపిస్తాను."

"చెప్పెయ్ అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకోరా."

"ఎన్నాళ్లని? పాపం, ఆవిడ ఏడుస్తున్నారు చూడు."

నిజమే, ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నారు. మేస్త్రీ కాసేపు అటూ ఇటూ తచ్చాడాడు. గుమ్మం దాకా వెళ్లి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరగా వేశాడు. ఇక తిట్టబోతున్నాడని ఆవిడకు అర్థమైంది. తిట్టనీ, పడాల్సిందే అని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆ కీలు నాది కాదు మేడమ్, ఆ కంపెనీదే," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి, "అప్పుడు నేనక్కడ ఫిట్టర్ని, వాళ్లు పేటెంటుకు వెళ్లేలోపే అచ్చులో పడాలని బొమ్మలు దొంగిలించి తెచ్చి మీ చేతిలో పెట్టాను."