వాడేసిన పట్టీలు

ఆసుపత్రి చెత్తబుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, వాడేసిన పట్టీల కోసం కెలుకుతున్నాడు ముసలాయన.

నర్సు చేతిలో పని వదిలేసి అటు వచ్చింది.

అవి తీరని నొప్పులవాళ్లకు అంటించే మత్తుమందు పట్టీలు. మూడు రోజులకోసారి ఆమె పాతది పీకి బుట్టలో వేసి, కొత్తది అంటిస్తుంది. పీకిన వాటికి చెమట, వెంట్రుకలు, చర్మపు పొట్టు. ముసలాయన వాటినే ఏరి జేబులో కుక్కుకుంటున్నాడు.

“ఛీ! మనిషివేనా? కాటికి కాళ్లు చాపుకుని ఇంకా మత్తు కావాలా?”

“మత్తుకి కాదమ్మా. ఈ బుట్టకి తాళం వేయించండి. నాకీ పని తప్పుతుంది.”

“నాకే నేర్పుతున్నావా? వాడేసిన పట్టీలో ఏముంటుంది, మట్టి!”

వరసలో ముందున్న డ్రైవర్ పకపకా నవ్వాడు. నడుం విరిగి మూడేళ్లుగా ఈ పట్టీల మీదే బతుకుతున్న మనిషి. మాటకారి. నర్సుకు అతనంటే సొంత తమ్ముడంత అభిమానం.

“వచ్చినప్పుడల్లా ఇదే తంతు సిస్టర్. గెంటించండి.”

ముసలాయన డ్రైవర్ వంక ఒకసారి చూసి తలదించుకున్నాడు.

కాపలావాడు ఆయన జేబులు బుట్టలోకే దులిపించి, రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు.

“ఇవాళొక్క రోజు ఉండనివ్వండమ్మా, దణ్ణం పెడతా!”

గేటవతల నుంచి అరుస్తూనే ఉన్నాడు. పీడ వదిలిందనుకుని నర్సు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది.

కొత్త పట్టీ వేయించుకుంటూ డ్రైవర్ గొంతు తగ్గించాడు.

“ఇంకోటి వేయండి సిస్టర్. ఒకటి ఆనడం లేదు.”

“డాక్టర్ రాయందే వేయను తమ్ముడూ.”

“సరే, మీ మాట కాదంటానా?”

మధ్యాహ్నం బాత్‌రూమ్ తలుపు పగలగొట్టారు. డ్రైవర్ నేల మీద పడున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఛాతీ మీద ఆమె వేసిన పట్టీ ఒకటి, దాని చుట్టూ ఎవరెవరి ఒంటి మీదవో పాతవి ఆరు.

“వాడేసిన వాటిలోనూ మనిషిని చంపేంత మందు మిగులుతుంది. మీకెవరూ చెప్పలేదా?” అన్నాడు డాక్టర్.

చెప్పబోయిన మనిషిని తనే గెంటించింది. నర్సుకు తన మీద తనకే రోత పుట్టింది.

రికార్డులో డ్రైవర్ ‘నాకెవరూ లేరు’ అని రాయించి ఉన్నాడు. శవాన్ని ఎవరికి అప్పగించాలో తెలియక అందరూ నిలబడి ఉండగా ముసలాయన లోపలికి వచ్చాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

“వాడి సంగతి చెబితే ఉన్న మందూ ఆపేస్తారు, నొప్పికి విలవిల్లాడిపోతాడని నోరు మూసుకున్నానమ్మా” అంటూ నర్సు చేతిలోంచి శవం అప్పగింత కాగితం తీసుకున్నాడు.

‘మృతుడికి ఏమవుతారు’ అన్నచోట ‘తండ్రి’ అని రాశాడు.