మోతీ నీళ్ళు తాగింది

సూర్యప్రభ నీళ్ళ గిన్నెను కర్రతో ముందుకు నెట్టి, ఊపిరి బిగబట్టి చూసింది.

మోతీ తల ఎత్తింది. గిన్నె వైపు చూసింది. మళ్ళీ ముందుకాళ్ళ మీద తల వాల్చేసింది.

“తాగు నాయనా, ఒక్క గుక్క తాగు.”

కాసేపటికి అది లేచి, గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి, చప్పుడు చేస్తూ తాగింది. సూర్యప్రభ రెండు చేతులూ జోడించింది. కుక్కకో, దేవుడికో ఆమెకే తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు పోయే దారిలో కొత్తగా లేస్తున్న కాలనీ అది. ఎటు చూసినా పునాదులు, ఇటుకల గుట్టలు, ఇనుప చువ్వలు. ఇసుక కుప్పల మీద పడుకుని కాపలా కాసే మోతీకి మొన్నటిదాకా ప్రతి గడపలోనూ ముద్ద దొరికేది. అప్పుడది అందరి కుక్క. ఓ పిల్లవాణ్ణి కరిచిన దగ్గర్నుంచి ఎవరి కుక్కా కాదు.

సూర్యప్రభే దాన్ని పెరుగన్నం చూపించి రప్పించింది. తామున్న అద్దెవాటా వెనక, సగం కట్టి వదిలేసిన గ్యారేజీ స్తంభానికి గొలుసుతో కట్టేసింది.

ఇంటివాళ్ళ ముసలమ్మ బుచ్చవ్వ ముక్కున వేలేసుకుంది.

“ట్యాంకరు నీళ్లు మనుషులకే సాల్తలేవు. గంత జరిగినంక గూడ దానికి పోస్తున్నవా బిడ్డా? ఏం గుండెనే నీది!”

“అది బతకాలి మామ్మగారూ” అంది సూర్యప్రభ.

కట్టేసిన రోజే ఆమె బస్సెక్కి పశువుల దవాఖానకు వెళ్ళి వచ్చింది.

“టీకా వేయించారా?” అని అడిగాడు డాక్టరు.

“లేదండి.”

“ఏడాదికొక్క సూదమ్మా. కుక్కకైనా పిల్లికైనా అంతే. అదొక్కటి పడి ఉంటే ఇవాళ మీరిలా పరుగెత్తుకు రావలసిన పనే లేదు. కాపలాకైతే అందరికీ కావాలి. సూది వేయించడానికి మాత్రం అది ఎవరి కుక్కా కాదు.”

ఆమె తల వంచుకుంది.

“ఎవర్ని కరిచింది?”

“ఆరేళ్ళ పిల్లవాణ్ణి.” అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు గొంతు తగ్గించాడు. “ఇప్పుడు టీకా వేసి లాభం లేదు. కట్టేసి ఉంచండి. కరిచిన రోజు నుంచి పది రోజులు అది తింటూ తాగుతూ బతికి ఉంటే, ఆ బాబుకు భయం లేనట్టే. బొడ్డు చుట్టూ పొడిచే ఇంజెక్షన్లు అక్కడితో ఆపేయొచ్చు. దాన్ని ఎవరినీ చంపనివ్వకండి. ఒకవేళ చచ్చిపోతే, తల పాడవకుండా తెచ్చివ్వండి. పరీక్షకు పంపుతాను.”

అప్పట్నుంచి ఆమెకు వేరే లోకం లేదు. మోతీ మొరిగితే భయం, మొరక్కపోతే భయం. అన్నం తింటే కాస్త ఊపిరి. మూతి తిప్పుకుంటే ప్రాణం పోయినట్టే.

ఆ రోజు పొద్దున నీళ్ళు తాగిన మోతీ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మూతి వెంట సొంగ కారుతోంది. మే నెల ఎండ. రేకు కప్పు కింద మనిషే నిలవలేని వేడి. ఎండకేనా? లేక అదేనా? సూర్యప్రభ తడిగోనె తెచ్చి దాని మీద విసిరింది.

అంతలో బుచ్చవ్వ చూడనే చూసింది.

“సొంగ కారుస్తున్నదిరో! జనార్ధన్, దానికి పిచ్చి లేసిందిరా!”

ఆమె కొడుకు జనార్ధన్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ళ జొన్నచేలే. మంచివాడని పేరు. వెంట ఇద్దరు కూలీలు, చేతుల్లో దుడ్డుకర్రలు.

సూర్యప్రభ అడ్డం నిలబడింది. డాక్టరు చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“పొద్దున నీళ్ళు తాగింది అన్నయ్యగారూ. నా కళ్ళతో చూశాను. గడువు ఇంకెంతో లేదు. కాస్త ఓపిక పట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“గా గడువు లోపట ఇంకొకల్లను కరిస్తె ఎట్లమ్మా? నా పోరగాండ్లు గీ వాకిట్లనే ఆడుతరు. పిచ్చికుక్క బతుకుతదా సస్తదా అని సూసుకుంట కూసుందామా?”

అతని పిల్లలు అరుగు మీద నిలబడి ఇటే చూస్తున్నారు.

బుచ్చవ్వ వెనకనుంచి వచ్చి ఆమె రెండు రెక్కలూ ఒడిసి పట్టుకుంది. జనార్ధన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నన్ను తిట్టుకోకు చెల్లె. దాన్ని కండ్ల ముంగట పెట్టుకొని నువ్వు దినాం సస్తున్నవ్. నేను సూస్తలేనా? నీ కోసమే చేస్తున్న.”

కర్రలు లేచాయి.

“తల మీద కొట్టకండి!” అని అరిచింది సూర్యప్రభ.

ఆ మాటకు కూలీలు వింతగా చూశారు. కానీ అప్పటికే దెబ్బ పడిపోయింది.

రోగం అంటుకుంటుందని దాన్ని పక్క ఖాళీ ప్లాటులోకి ఈడ్చి, కట్టెలు పేర్చి, కిరోసిన్ పోసి నిప్పు పెట్టారు. మంట చల్లారేదాకా బుచ్చవ్వ ఆమెను వదల్లేదు. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి తానే ముఖం కడిగింది.

“అయిపాయె బిడ్డా. పీడ పాయె. ఇగ నిమ్మళంగుండు.”

సూర్యప్రభ గ్యారేజీ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

వీధిలో ఆటో ఆగింది; ఆస్పత్రి నుంచి వచ్చిన భర్త పట్టాభి దిగీ దిగకముందే ఆత్రంగా అడిగాడు: “సూర్యా, ఆ బొడ్డు సూదులు ఒంటికి పడక మన బాబుకి కాళ్ళు రెండూ కదలడం లేదు, ఇక ఆపేయాలో పొడుస్తూనే ఉండాలో వాణ్ణి కరిచిన కుక్కని బట్టే చెబుతానంటున్నాడు డాక్టరు, అది బాగానే ఉందిగా?”