మొదట వినపడాల్సిన మాట

మిరక్కాయ్ ఒక్క క్షణం కుదురుగా ఉండటంలేదు.

అసలు పేరు అది కాదులెండి. మూడేళ్ళ పిల్ల, ముట్టుకుంటే మండుతుంది, అందుకని ఇంట్లో అందరూ అలాగే అంటారు. తల్లి ఒళ్ళో కూర్చోబెడితే జారిపోతుంది. జారి బల్ల కిందకి దూరుతుంది. అక్కణ్ణించి లాగితే పోయి తలుపు అద్దానికి ముక్కు ఆనిస్తుంది.

గది చిన్నది. బయట చప్పుడు రాకుండా గోడలనిండా దిళ్ళలాంటివి అంటించారు. బల్లమీద కంప్యూటరు. దాని పక్కన చిక్కుడు గింజంత మిషను, దానికో వైరు, వైరు కొసన చొక్కా బొత్తాంలాంటి అయస్కాంతం. ఇంత చిన్న వస్తువు కోసమే ఇంతమందికీ పొద్దుటినించి ముద్ద దిగలేదు.

పాప పుట్టి పది రోజులైనా కాలేదు, పెద్ద జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది, బతికి బయటపడ్డారు అనుకున్నారు. తీరా చూస్తే రెండు చెవులూ పోయాయి.

అప్పట్నించీ ఆ ఇంట్లో పిలుపుల్లేవు. పిలవాలంటే నేలమీద కాలితో తట్టాలి. లేదంటే లైటు ఆర్పి వెలిగించాలి. పాపకీ అదే అలవాటైంది. ఏం కావాలన్నా వచ్చి తల్లి మోకాలు తడుతుంది, వేలు చూపిస్తుంది. అమ్మా అని మాత్రం ఎన్నడూ పిలవలేదు.

ఆపరేషనైతే చేశారు. కుట్లు మానాయి. ఇవాళ మిషను తగిలిస్తారు. వినపడుతుందో లేదో ఇవాళే తేలిపోతుంది. "ఆలస్యంగా వచ్చారు. గట్టిగా చెప్పలేను" అన్నాడు డాక్టరు.

"మిషను ఆన్ చేశాక ఎవ్వరూ నోరు విప్పకూడదు, గుర్తుందిగా?" అన్నాడు తండ్రి, తన తల్లితో. "చెవిన పడే మొదటి మాట అమ్మా అన్నదే కావాలి. మనింట్లో ఒప్పుకున్నాం."

"నాకెందుకు చెప్తావురా, నేనేమన్నా వాగుడుకాయనా?" అంది నానమ్మ.

"కాదా మరి?"

"నీ సంగతి చూసుకో. నన్ను అలవాటుగా అమ్మా అనేస్తావు, అదే మొదటి మాటైపోతుంది."

మిషను చూసే అమ్మాయి నవ్వింది. "మామ్మగారూ, మొదట్లో మాట మాటలా ఉండకపోవచ్చు. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుంటుంది. ఉలిక్కిపడొచ్చు, ఏడుపూ రావచ్చు. కంగారు పడకండి. అసలేమీ వినపడకపోయినా…"

"ఆ మాటనకు తల్లీ" అంది నానమ్మ.

పాప తల్లి వీళ్ళ మొహాలు ఒకటొకటిగా చూస్తూ కూర్చుంది.

తండ్రి పాపని బల్ల కిందనించి లాక్కొచ్చి తల్లి ఒళ్ళో పడేశాడు. మిషనమ్మాయి వంగింది. చెవి వెనక మిషను పెట్టింది. బొత్తాం టక్కున అతుక్కుంది. ఇంతలోకే పాప మళ్ళీ జారిపోయింది.

"తిరగనివ్వండి, పర్లేదు" అని ఆ అమ్మాయి పెదాలమీద వేలు పెట్టింది. కంప్యూటరు మీట నొక్కింది.

గదంతా చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. నానమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది.

తండ్రి పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. చప్పుడు రాకుండా పెదాలు కదిపి చూపించాడు. అమ్మా. అమ్మా. అను నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా.

పాప ఉలకదు, పలకదు. తండ్రి ముక్కు పట్టుకుని లాగింది.

మిషనమ్మాయి మిషను జోరు ఇంకొంచెం పెంచింది. మొహం చూసింది. ఇంకొంచెం పెంచింది. తలుపవతల తర్వాతి వాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఇక లాభంలేదు, నేనే మాట్లాడి చూస్తానన్నట్టు తండ్రికి సైగ చేసింది. తండ్రి వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఇంకొక్క నిమిషం అని బతిమాలాడు, కళ్ళతోనే.

పాప ఈలోగా ఆ అమ్మాయి వదిలేసిన చక్రాల స్టూలు ఎక్కింది. ఎక్కి నిలబడింది. తండ్రి చూసి చెయ్యి చాచేలోగా స్టూలు అటు పోయింది, పాప ఇటు పడింది.

"అమ్మా!"

నానమ్మ కదల్లేదు. తండ్రి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పడ్డ పాపని ఎవరూ ఎత్తుకోలేదు.

కళ్ళు మూసుకునే ఉన్న తల్లి, తన చెవి వెనక కొత్తగా అతికిన మిషనుమీద చెయ్యి ఆనించి, "ఏమైందే, పడ్డావా?" అంది.