యెరికో కేక

సరస్సు ఒడ్డున మా వీధికి ఆనుకుని ఉన్న చిన్న విమానాశ్రయాన్ని జెట్ విమానాల కోసం పెంచుతారట. ఆ మోతకు మా ఇళ్లలో పసిపిల్లలకు కునుకు పడుతుందా? అందుకే ఆ ఆదివారం ప్రార్థనలో, జనం కేకలకే కూలిపోయిన యెరికో గోడల గురించి చెప్పాను.

"పెదాలతో గొణగడం కాదు, కేక వేయండి! ఆ రన్‌వే బద్దలైపోవాలి!" అన్నాను. మైకులో నా గొంతుకు, జనం కేకలకు మందిరం రేకులు అదిరిపోయాయి.

వెనక బెంచీ మీద ఒక కొత్త మనిషి ఒళ్లో చిన్న యంత్రం పెట్టుకుని శ్రద్ధగా కూర్చున్నాడు. నా ప్రసంగం రికార్డు చేసుకుంటున్నాడని పొంగిపోయాను.

"వాక్యం అందిందా తమ్ముడూ?" అని అడిగాను.

"మొత్తం అందిందండీ అయ్యగారూ," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఈ విస్తరణకు అనుమతి ఇవ్వాలా వద్దా అని అధికారులు పెట్టిన విచారణ సభలో విమానాశ్రయం తరఫున లేచి నిలబడింది అతనే. "ఆ వీధిలో ఇప్పుడున్న చప్పుడును కొలిచాం. జెట్లు వచ్చినా అంతకు మించదు," అన్నాడు.

"అబద్ధం! మా వీధిలో ఆకు రాలినా వినబడుతుంది. ఎక్కడ కొలిచావయ్యా?" అని గద్దించాను.

"మీ మందిరంలోనేనండీ."

అనుమతి ఇచ్చేశారు. యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదాకైనా ముప్పై వెండి నాణేలు ముట్టాయి. నేను మా వీధిని ఉత్తపుణ్యానికి అప్పగించాను.